బిడ్డ ఊళ్లోనే ఆడాలంటే

ఆ పిల్లకు ఎడమ కాలికి మాత్రమే షూ ఉంది. కుడికాలు ఉత్తదే. రెండోది తెగిపోయిందేమో పాపం అనుకున్నాను. కాదు, కోచ్ కావాలనే విప్పించాడు. మా అనంతపురం పల్లెల్లో బడి మైదానమంటే ఎర్రమట్టి, దాని నిండా గరుసురాళ్లు. ఉత్తకాలితో బంతిని తంతే వేళ్లు కమిలిపోతాయి. అందుకని పిల్ల తనకు తెలియకుండానే షూ ఉన్న కాలిని ముందుకు తెస్తుంది. "ఎడమ, ఎడమ" అని వందసార్లు అరిచే పని లేదు. అలవాటున్న కాలికి షూ తీసేస్తే చాలు, అలవాటు లేని కాలు పని నేర్చుకుంటుంది. షూ విప్పిన ఆ పావుగంటా పరుగులు లేవు. నాలుగు అడుగుల దూరంలో ఇద్దరిద్దరు నిలబడి, ఇచ్చుకోవడం, తీసుకోవడం, అంతే.

పొద్దున ఆరు కూడా కాలేదు. ముగ్గుపిండితో గీసిన గీతలు మంచుకు కొంచెం తడిసి ఉన్నాయి. కోచ్ ఒక్కొక్క జంట దగ్గరా ఆగి వాళ్ల మడమల్ని చూస్తున్నాడు. ముఖాల్ని చూడటం లేదు, బంతినీ చూడటం లేదు. గరుసునేల మీద బంతి నేరుగా రాదు. ఆఖరి అడుగులో ఏదో రాయికి తగిలి ఎగురుతుంది. పాదం బిగబట్టి ఉంటే బంతి రెండు గజాలు ఎగిరిపడి ఎదుటివాళ్ల పాలవుతుంది. పన్నెండేళ్ల పిల్లకు ఈ సంగతి ఎలా చెప్పాలి? ఆయన ఒకటే మాట అన్నాడు. "మీ అమ్మ చేటలో బుడ్డలు చెరిగేటప్పుడు చూసినావా? పైకెగిరిన బుడ్డలు కిందికొచ్చేటప్పుడు చేటను ఎట్లా పెడుతుంది?" పిల్ల చేతులతోనే చేసి చూపించింది. వేరుశనగ గింజలు దిగే వేగంతోనే చేట కూడా కొంచెం కిందికి దిగుతుంది. అందుకే ఒక్క బుడ్డ కూడా చిందదు. "కాలితో అదే చెయ్యి." ఆ తర్వాత వచ్చిన బంతికి ఆమె పాదం జానెడు వెనక్కి వెళ్లింది. బంతి అక్కడే ఆగి చతికిలబడింది.

ఈ పనితనం గురించి రాయాలని చాలాకాలంగా ఉంది. గోల్ కొట్టినవాళ్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను పట్టి నిలబెట్టింది దానికి వెనకున్న ఇంకో పని. ఆడగల బిడ్డను గుర్తుపట్టి, ఇంకో రాష్ట్రం చేతిలో పెట్టకుండా, పుట్టిన నేల దగ్గరే ఎదగనిచ్చే పని. ఆటగాణ్ణి తయారు చేయడం కష్టమే. ఆ తయారైనవాడు ఇక్కడే ఉండిపోవాలని తనకు తానుగా అనుకునేలా చేయడం అంతకంటే కష్టం. మా జిల్లాలో అయితే మరీ కష్టం.

ఎందుకో దేశపటం చూస్తే తెలుస్తుంది. అనంతపురం నుంచి బెంగళూరు దాదాపు 210 కిలోమీటర్లు. విజయవాడ అంతకు రెట్టింపు పైనే. బళ్లారి అయితే పొద్దున పోయి మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు వైపు వెళ్లింది గానీ, మా వాళ్ల పెళ్లి సంబంధాలు, ఆసుపత్రులు, సంతలు ఆ గీతను ఎప్పుడూ లెక్కచేయలేదు. ఇక్కడివాడికి పెద్ద ఊరంటే బెంగళూరే. వాన సరేసరి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర, అదీ బుడ్డలకు కావాల్సినప్పుడు కాకుండా తనకిష్టమైనప్పుడు. దేశంలో చాలా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని మేం చిన్నప్పటినుంచీ బడిలో వింటూ పెరిగాం. చేను ఎండితే బెంగళూరుకు, ఇంకా ఎండితే కేరళకు. ఊరు విడిచి పోవడం ఇక్కడ వింత కాదు, క్యాలెండరులో ఒక నెల. అలాంటి చోట ఒక బిడ్డతో "నువ్వు ఉండు, ఇక్కడే ఆడు" అనడమంటే అలవాటుకు ఎదురీదడమే.

అమెరికాలో ఇది పెద్ద విద్య. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ప్రతి రాష్ట్రంలోనూ పెద్ద యూనివర్సిటీ జట్టు తన గడ్డమీది హైస్కూల్ పిల్లల్ని పక్క రాష్ట్రానికి పోనివ్వకుండా పోరాడుతుంది. రాష్ట్రం చుట్టూ కంచె వేస్తామని కోచ్‌లు అంటుంటారు. డాలస్ శివారు ఫ్రిస్కోలో ఉండే మన తెలుగు కుటుంబాలకు శుక్రవారం రాత్రి హైస్కూల్ మ్యాచ్‌ల హడావిడి తెలుసు. పిల్లవాడు ఒక కాలేజీకి కట్టుబడుతున్నానని సంతకం చేసే పత్రం 1964లో మొదలై 2024లో రద్దయింది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ అమ్ముకుని సంపాదించుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, ఒక్కో కాలేజీకి ఏడాదికి 2 కోట్ల డాలర్లు దాటిన పరిమితితో. అంటే కంచె ఇప్పుడు పూర్తిగా డబ్బు కంచె. మా దగ్గర కంచె అంటే అడవిపందులు బుడ్డల చేన్లో పడకుండా వేసేది. బయటివి లోపలికి రాకుండా వేస్తాం తప్ప, లోపలున్న మన పిల్లలు బయటికి పోకుండా ఎవరూ వేయరు. కాబట్టి నేను చెప్పబోయే పనితనాన్ని కంచెతో పోల్చలేను.

మన నేలమీద ఈ పనికి ఒక పెద్ద గురువు ఉన్నాడు. హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టాడు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. దేశం మొత్తాన్ని కలకత్తా క్లబ్బులు ఏలుతున్న కాలం అది. కలకత్తాలో డబ్బుంది, పేరుంది, లక్షమంది మైదానం చుట్టూ మూగే పిచ్చి ఉంది. ఆంధ్ర నుంచి వెళ్లిన అప్పారావు అప్పటికే ఈస్ట్ బెంగాల్ 'పంచపాండవుల్లో' ఒకడు. దక్షిణాది కుర్రాడికి కాస్త ఆట వస్తే చాలు, హౌరా రైలెక్కించడానికి ఎవరో ఒకరు వచ్చేవారు.

రహీం చేతిలో ఉన్న వస్తువులు రెండే. ఒకటి పోలీసు ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం, ఊళ్లో ఇల్లు, రేపటికి భరోసా. కలకత్తా క్లబ్ ఈ ఏడాది ఎక్కువ ఇవ్వొచ్చు, మోకాలు దెబ్బతిన్న ఏడాది ఏమిస్తుందో తెలియదు. నూర్ మహ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్లు హైదరాబాదు పోలీసులుగా ఉంటూనే ఒలింపిక్స్ ఆడారు. రెండోది ఆయన బుర్ర. నాకు ఎక్కువ అబ్బురం ఆ రెండోదే. అలవాటు లేని కాలితోనే బంతిని ఆడాలని నిబంధన పెట్టి పోటీలు నడిపాడాయన. డ్రిబ్లింగ్ చేయకూడదు, వచ్చిన బంతిని వెంటనే ఇచ్చేయాలి అనే నిబంధనతోనూ పోటీలు పెట్టాడు. ఇవి చిన్న పిల్లల సరదా పోటీలు కావు. ఒక ఊరి ఆటతీరునే మార్చేసిన పనిముట్లు. ఊళ్లో కుర్రాళ్లందరూ ఒకే పద్ధతిలో ఆడటం నేర్చుకుంటే, ఎవడు ఎక్కడుంటాడో రెండోవాడికి చూడకుండానే తెలుస్తుంది. ఆ సుఖం బయటి జట్టులో దొరకదు. కలకత్తా క్లబ్ ఒక ఆటగాణ్ణి కొనుక్కోగలదు గానీ, వాడు చూడకుండా ఇచ్చే పాస్ అందుకునేవాణ్ణి వాడితో పాటు కొనుక్కోలేదు. ఉండిపోవడానికి ఇదొక కారణం. జీతం కంటే గట్టిది అని నా నమ్మకం.

పల్లెలో ఒంటికాలి షూ చూసిన పొద్దున నాకు గుర్తొచ్చింది ఈ రహీమే. ఆ కోచ్ ఆయన పేరు విన్నాడో లేదో అడగలేదు. ఆలోచన మాత్రం అదే. నిబంధన మార్చు, కాలు తనే నేర్చుకుంటుంది.

తులసీదాస్ బలరాం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో ఉండే పేద తమిళ కుటుంబం కుర్రాడు, 1936లో పుట్టాడు. రహీం వాణ్ణి చూసి శిక్షణకు రమ్మన్నాడు. రావడానికి డబ్బు లేదు. అద్దె సైకిలు కోసం రహీం రూపాయి ఇచ్చేవాడు. అమెరికా కోట్ల డాలర్ల లెక్క పక్కన ఈ రూపాయిని పెట్టి చూస్తే నాకు రూపాయే బరువుగా కనిపిస్తుంది. ఎందుకంటే అది సరిగ్గా అడ్డం పడుతున్న చోట పడింది. ఆ కుర్రాడికి ఆట ఉంది, ఇష్టం ఉంది, లేనిది దూరం దాటే సాధనం. రహీం దాన్నే ఇచ్చాడు. అంతకంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన భారత జట్టులో బలరాం ఉన్నాడు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. రెండు జట్లకూ కోచ్ రహీమే.

అయితే బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. రూపాయి ఓడిపోయిందనాలా? నేననను. వెళ్లాక కూడా అతని కాళ్లలో ఉన్నది హైదరాబాదు పాఠమే. కానీ రహీం పోయాక కలకత్తా వైపు ఆ ప్రవాహం ఆగలేదు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ వెంటనే 1966లో మహ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. తర్వాత బెంగాల్ తరఫునే సంతోష్ ట్రోఫీ ఆడాడు. కలకత్తాలో అందరూ 'బడే మియా' అని పిలుచుకున్న హబీబ్ మన హైదరాబాదువాడని ఇవాళ మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పాఠం చెప్పే మనిషి ఉన్నంతకాలం పిల్లలు చాలావరకు ఉన్నారు. ఆ మనిషి పోతే మిగలాల్సింది ఒక చోటు. చోటును నిలబెట్టడంలో హైదరాబాదు వెనకబడింది.

చోటు అన్నాను కాబట్టి మళ్లీ అనంతపురం వస్తాను.

ఇక్కడ చోటు కట్టినవాడు కూడా ఇంకో చోటినుంచి తరిమివేయబడినవాడే. 1920లో బార్సిలోనాలో పుట్టిన విసెంట్ ఫెర్రర్ జెసూట్‌గా బొంబాయి వచ్చి, మన్మాడ్ రైతుల మధ్య పని చేసి, 1968లో దేశం విడిచి పోవాల్సి వచ్చింది. మళ్లీ వచ్చి 1969లో అనంతపురంలో అడుగుపెట్టాడు. అందరూ విడిచి పోయే ఊరికి వచ్చి, పోకుండా ఉన్నాడు. 2009లో చనిపోయేదాకా ఇక్కడే, సమాధి బత్తలపల్లిలో. ఆయనా, ఆయన భార్య ఆన్ ఫెర్రరూ నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్‌ను ఇక్కడ ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. ఆర్డీటీ అంటారు. ఆర్డీటీ ఇల్లు, ఆర్డీటీ ఆసుపత్రి, ఆర్డీటీ బడి. ఆ వరసలోనే ఆర్డీటీ గ్రౌండ్.

ఆర్డీటీ నడిపే అనంతపురం క్రీడాగ్రామం చూడని తెలుగువాళ్లు ఒకసారి వచ్చి చూడాలి. నేను పొగడటానికి మొహమాటపడను. ఎండాకాలంలో బస్సు కిటికీలోంచి మూడు గంటలపాటు ఎర్రగా, బూడిదగా తప్ప ఇంకో రంగు చూడని కంటికి ఆ పచ్చిక నమ్మబుద్ధి కాదు. నేను కాగితం మీద చిన్న లెక్క వేశాను. అంతర్జాతీయ కొలతలున్న ఒక ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంటే 7,140 చదరపు మీటర్లు. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇచ్చినా దాదాపు 36 వేల లీటర్లు కావాలి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. ఒక్క మైదానానికి, ఒక్క రోజుకు. ఈ జిల్లాలో పచ్చిక కూడా ఒక పంటే. అమ్మితే పైసా రాని పంట. దాన్ని పండిస్తున్నవాళ్లు పిల్లలతో మాటల్లో చెప్పలేనిది నేలతో చెబుతున్నారు. "నీ పాదం కింద ఇంత నీళ్లు పోస్తున్నాం" అని. బెంగళూరు నుంచి పిలుపు వచ్చిన రోజు ఆ పిల్లకు గుర్తొచ్చే మొదటి విషయం ఆ పచ్చికే అయ్యుండాలి.

అక్కడ ఫుట్‌బాల్ ఒక్కటే కాదు. క్రికెట్, హాకీ, జూడో, అథ్లెటిక్స్ అన్నీ ఉన్నాయి. టెన్నిస్ బడిని 2010లో రఫా నడాల్ తన ఫౌండేషన్ తరఫున మొదలుపెట్టి, స్వయంగా వచ్చి పిల్లలతో ఆడాడు. ఫుట్‌బాల్‌కు స్పెయిన్ లా లిగా ఫౌండేషన్ తోడు నిలిచింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఇక్కడ జరిగినప్పుడు, టీవీలో మాత్రమే చూసిన ఆటగాళ్లు మా పిల్లలు రోజూ ఆడే నేలమీద ఆడారు. పేర్లన్నీ గొప్పవే. అయినా నాకు పనితనం కనిపించేది ఆ పేర్లలో కాదు, జత కుదిర్చిన తీరులో. పల్లెల్లో చిన్న చిన్న శిక్షణ కేంద్రాలు. అక్కడ మెరిసిన పిల్లలకు పట్నంలో వసతి, బువ్వ, చదువు, ఆట కలిపి ఒకేచోట. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి విడిగా ఇచ్చినా పిల్ల నిలవదు. ఆట ఇచ్చి చదువు ఇవ్వకపోతే అమ్మానాన్నలు తీసుకుపోతారు. చదువు ఇచ్చి బువ్వ సరిగా పెట్టకపోతే ఒంట్లో సత్తువ ఉండదు. అన్నీ ఇచ్చి ఇంటికి మరీ దూరం చేస్తే పండక్కి పోయిన పిల్ల తిరిగి రాదు. వారం తప్పితే వారం అమ్మ వచ్చి చూసుకుని, సాయంత్రం బస్సుకు ఊరు చేరుకోగలిగినంత దూరం. ఆ దూరమే ఈ ఏర్పాటులో అన్నింటికంటే తెలివైన భాగమని నాకనిపిస్తుంది.

దీనికి రుజువు కావాలంటే నార్పల మండలం బండ్లపల్లి వైపు చూడొచ్చు. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టిన ఊరు. వలస ఆపడానికి దేశం ఆ ఊరినే ఎంచుకుంది. బారెడ్డి అనూష అదే ఊరి అమ్మాయి. ఎడమచేతి స్పిన్నర్. ఆర్డీటీ అకాడమీలో నేర్చుకుని, ఆంధ్ర జట్టుకు ఆడి, 2023 జులై 9న మీర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద భారత్ తరఫున టీ20 ఆడింది. ఆ ఏడాది హాంగ్జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉంది. బండ్లపల్లి నుంచి మీర్పూరు దాకా వెళ్లడానికి ఆమె ముందుగా బెంగళూరుకో హైదరాబాదుకో వలస పోనక్కర్లేకపోయింది. నాకు ఆ స్వర్ణం కంటే ఈ మాట ఎక్కువ సంతోషం కలిగిస్తుంది.

పిల్లల్ని ఎంచుకోవడంలోనూ ఒక శిల్పం ఉంది. ప్రభుత్వ క్రీడా పాఠశాలలది ఒక పద్ధతి. ఒకప్పుడు మనందరికీ హకీంపేట బడే. 2014 తర్వాత అది తెలంగాణకు పోయింది, ఆంధ్రకు కడప పుట్లంపల్లి బడి మిగిలింది. నాలుగో తరగతిలో చేర్చుకోవడానికి తొమ్మిది పరీక్షలు పెడతారు. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి దూకడం, పైకెగరడం, మెడిసిన్ బాల్ విసరడం, ఒళ్లు వంచడం. ఒక్కోదానికి మూడు మార్కులు, మొత్తం 27. ఆడే బంతి ఊసే ఉండదు గమనించారా? ఎనిమిదేళ్ల బిడ్డ ఏ ఆట ఆడాలో అప్పుడే తేల్చకుండా, ఒళ్లు ఏం చెబుతుందో విని, ఆట తర్వాత చూసుకుందాం అనడం మంచి ఆలోచన. కానీ మా పల్లె కోచ్ చూసేది వేరు. ఆయన మాటల్లోనే: "పరిగెత్తేది అందరూ పరిగెత్తుతారప్పా. బంతి పోగొట్టుకున్నాక ఏం చేస్తాదో చూస్తా. నిలబడిపోతాదా, వెంటబడుతాదా?" 27 మార్కుల్లో ఈ గుణానికి మార్కు లేదు. రెండు పద్ధతులూ కావాలి. అయితే ఒకటి మాత్రమే ఎంచుకోమంటే నేను కోచ్ వైపే ఉంటాను.

ఇక చదువు లెక్క ఒకటుంది. ఆటల వార్తల్లో ఎవరూ రాయరు గానీ ప్రతి ఇంట్లోనూ ఆఖరి నిర్ణయం దానిమీదే జరుగుతుంది. రాజ్యాంగం 371-డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి. మాకు లోకల్ అంటే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధి. లోకల్ అనిపించుకోవడానికి మామూలు దారి, అర్హత పరీక్ష దాకా వరసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండటం. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల బంతి కోసం పక్క రాష్ట్రానికి పోయిందంటే, ఇంటరు అయ్యేసరికి సొంత ఊరి కాలేజీలో లోకల్ హోదా చిక్కులో పడుతుంది. బయటి అకాడమీ వాళ్లు షూ ఇస్తామంటారు, కిట్ ఇస్తామంటారు, ఈ సంగతి చెప్పరు. మంచి కోచ్ చెబుతాడు. బెదిరించడానికి కాదు, అమ్మానాన్నలు రెండువైపులా చూసుకోవాలని. 2024లో వచ్చిన రాష్ట్ర క్రీడా విధానం ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను 2 శాతం నుంచి 3 శాతం చేసింది. ఈ ముక్క కూడా ఆయన జేబులో మడతపెట్టిన కాగితంలా సిద్ధంగా ఉంటుంది. రహీం చేతిలో పోలీసు ఉద్యోగం ఉంటే, ఈయన చేతిలో ఈ ఒక్క శాతం ఉంది.

ఒక సాయంత్రం ఆయన వెంట ఒక ఇంటికి వెళ్లాను. పిల్లకు పద్నాలుగేళ్లు. బెంగళూరులో బంధువులున్నారు, అక్కడ ఒక క్లబ్బులో చేర్పిస్తామన్నారట. అమ్మ కోచ్‌కు మంచం చూపించి, చెంబుతో నీళ్లిచ్చి, గడప పక్కన కూర్చుంది. "ఆడికి పోతే బాగుపడతాదంట గదా సార్?" అంది. కోచ్ వద్దనలేదు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. "బాగుపడొచ్చు అక్కా" అన్నాడు. "ఎవరింట్లో ఉంటాది? ఆ ఇంటినుంచి గ్రౌండుకు ఎంత దూరం? పొద్దున్నే నాలుగున్నరకు ఎవరు తోలుకుపోతారు? బడి ఏది?" ఒక్కో ప్రశ్న అడిగి ఆగాడు. ఆమె ఒక్కదానికి జవాబు చెప్పగలిగింది. మిగతావి కనుక్కుంటానంది. "కనుక్కో అక్కా. అన్నీ సరిగా ఉంటే నేనే వచ్చి బస్సెక్కిస్తా" అన్నాడు. పిల్ల తలుపు వెనకనుంచి అంతా వింటోంది.

పోయినవాళ్లందరూ తప్పు చేసినట్టు నేను రాయడం లేదు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ భువనేశ్వర్ శిక్షణ కేంద్రంలో సానబట్టుకుని దేశంలోకెల్లా వేగమైన హర్డిలర్ అయింది. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య క్రొయేషియాలో డినామో జాగ్రెబ్ దాకా వెళ్లి, ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. వాళ్లు పోవాల్సి వచ్చిందంటే, ఆ వయసులో, ఆ స్థాయిలో వాళ్లకు సరిపడేది ఇక్కడ లేదు. అనంతపురం ఏర్పాటుకు ఉన్న పెద్ద లోటు కూడా అదే. పదెనిమిదేళ్ల వరకు నిచ్చెన బాగుంది, పైమెట్లు లేవు. ఆంధ్రప్రదేశ్‌లో ఇవాళ్టికీ ఒక్క ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) క్లబ్ లేదు. విశాఖ పేరుతో అనుమతి తెచ్చుకున్న శ్రీనిధి డెక్కన్ హైదరాబాదులో ఆడింది. 2021-22లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఏకంగా ఢిల్లీకి తరలిపోయింది. మన దగ్గర పిల్లలే కాదు, క్లబ్బులూ వలస పోతున్నాయి. పల్లె కోచ్ చేతిలో ఎంత పనితనం ఉన్నా, పైన ఇల్లు లేకపోతే ఆయన కట్టిన మెట్లు ఎక్కడికి చేరాలి? 2012లో మా జిల్లా జీడిపల్లి జలాశయానికి కృష్ణా నీళ్లు వచ్చినప్పుడు చూడటానికి జనం ట్రాక్టర్లలో వెళ్లారు. వందల కిలోమీటర్ల దూరంనుంచి, ఎత్తిపోతల మీద ఎత్తిపోతలు పెట్టి, నీళ్లను గుట్ట ఎక్కించి తెచ్చుకోగలిగిన రాష్ట్రానికి ఒక ఫుట్‌బాల్ క్లబ్‌ను నిలబెట్టుకోవడం చేతకానిది కాదు.

ఆ మొదటి పొద్దున సంగతి ఇంకొంచెం ఉంది. ఎండ ఎక్కాక శిక్షణ ఆపేశారు. ఒంటికాలి షూ పిల్ల గట్టు మీద కూర్చుని లేసు విప్పుకుంటోంది. కుడికాలి షూ ఎక్కడ పెట్టావని అడిగాను. మైదానం అవతలి కొసకు వేలు చూపించింది. అక్కడ ఇంకో పిల్ల, జట్టులో ఎడమకాలి వాటం ఉన్నది ఆమెకొక్కదానికే, కుడికాలికి ఆ షూ వేసుకుని గోడకు బంతి కొడుతోంది. ఎడమకాలు ఉత్తది. ఇద్దరి పాదాలూ ఒకే కొలతట. జత సరిపోయింది. కోచ్ రెండుసార్లు పిలిచినా ఆ పిల్ల ఆపలేదు. బంతి గోడకు తగిలి, గరుసు మీద ఎగిరి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆమె కుడిపాదం జానెడు వెనక్కి వెళ్తోంది.